ముప్పై ఎనిమిదో చెట్టు

నీరజకు విసుగంటే ఏమిటో తెలియదని వాళ్ల ఆఫీసులో అందరూ అనుకునేవారు. అది తప్పని ఆమె అయిదో తరగతిలో ఉన్నప్పుడే నాకు తెలిసింది.

నేను లింబాయత్‌లోని మునిసిపల్ తెలుగు బడిలో ఇరవై ఆరేళ్లు పంతులుగా పనిచేశాను. సూరత్‌లో తెలుగు బడేమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. మా పేటలో నాలుగు గల్లీలు తిరిగితే కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల మనుషులందరూ ఎదురవుతారు. బట్ట నేసే లూముల మీద పనికి వచ్చినవాళ్ల పిల్లలే మా బడి పిల్లలు. ఒకరోజు క్లాసంతా అల్లరి చేస్తుంటే నాకు కోపం వచ్చి, పదిహేడో ఎక్కం యాభైసార్లు రాయమన్నాను. మిగతా పిల్లలు కిటుకు కనిపెట్టారు. ముందు పదిహేడులన్నీ నిలువుగా ఒక వరస, తర్వాత గుర్తులన్నీ ఒక వరస, అలా గబగబా దించేస్తున్నారు. నీరజ మాత్రం కాసేపటికి నోటుబుక్కు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది.

"ఇగ చాలు సార్. ముప్పై ఒక్కసార్లు అయింది."

"నేను చెప్పింది యాభై కదమ్మా?"

"ముప్పై ఒకటి దాంక నేను చదువుకుంట రాసిన సార్. ఇప్పుడు చెయ్యి ఒక్కటే రాస్తున్నది. నేను అండ్ల లేను."

ఎదురు చెబుతుందా అని నాకు మరింత కోపం వచ్చింది. మిగిలినవి కూడా రాయించాను. ఆ సాయంత్రం పుస్తకాలు దిద్దుతుంటే ఆమె మాట నిజమని కనబడింది. ముప్పై ఒకటోసారి వరకూ అక్షరాలు నిటారుగా ఉన్నాయి. ఆ తర్వాత పక్కకు ఒరిగిపోయాయి, రెండుచోట్ల లెక్క కూడా తప్పింది. ఆ పిల్ల ఒక్కతే తనకు విసుగు ఎక్కడ మొదలైందో పట్టుకుంది. ఆ తర్వాత నేను ఎవరిచేతా ఏదీ యాభైసార్లు రాయించలేదు.

నీరజ తండ్రి దశరథం మెట్‌పల్లి పక్క ఊరి నుంచి పంతొమ్మిదేళ్ల వయసులో సూరత్ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఒకే కార్ఖానాలో పన్నెండు లూములు చూసుకుంటున్నాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. అందువల్ల ఆ ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడతారు, బయటివాళ్లకు పోట్లాడుకుంటున్నట్టు వినబడుతుంది. తల్లి లలితమ్మ ఇంట్లోనే కూర్చుని, ఎంబ్రాయిడరీ మిషన్ల మీద నుంచి వచ్చిన చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తుంది. ఇక్కడ దాన్ని ధాగా కటింగ్ అంటారు. మా పేటలో సగం మంది ఆడవాళ్లది అదే పని. నీరజ కూడా బడి నుంచి రాగానే తల్లి పక్కన కూర్చుని కత్తెర పట్టేది.

తర్వాత హిందీ మీడియంలో చదివి బి.కాం. పూర్తి చేసింది. రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఒక చీరల దుకాణంలో పార్సిళ్ల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే పనికి కుదిరింది. అక్కడ రెండేళ్లు చేశాక, సంధ్య అనే స్నేహితురాలు ఒక కబురు తెచ్చింది. ఆల్థాన్‌లో మొబైల్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ ఉందని, అక్కడ ఆటలు ఆడి తప్పులు పట్టుకునే మనుషులు కావాలని.

నీరజ వెళ్లింది. ఆరుగురు వచ్చారు. కంపెనీ యజమాని ధవల్‌భాయ్ నలభై ఏళ్ల మనిషి, మాట సూటిగా ఉంటుంది. ఆయన ఒక్కొక్కరి చేతిలో ఒక ఫోన్ పెట్టాడు. ఆటలో ఒక కోట, కోటలో పది తలుపులు. ఒక్కో తలుపు రెండువందల సార్లు తెరిచి మూయాలి, ఏదైనా తేడా ఉంటే చెప్పాలి. మొదటి గంటలో అందరూ నవ్వుకుంటూ ఆడారు. మధ్యాహ్నానికి ముగ్గురు టిఫిన్‌కని వెళ్లి తిరిగి రాలేదు. సాయంత్రానికి నీరజ ఒక కాగితం ఇచ్చింది. ఏడో తలుపు నూట ముప్పై సార్లు దాటాక మూసినప్పుడు చప్పుడు రావడం లేదని రాసింది. దాని కింద ఇంకో మాట కూడా రాసింది: "నాలుగో తలుపు దగ్గర యాభై నుంచి డెబ్భై వరకు నా ధ్యాస లేదు. అది మళ్లీ చూడాలి."

ధవల్‌భాయ్ ఆ రెండో మాట చూసే పనిలోకి తీసుకున్నానని తర్వాత నాతో అన్నాడు.

ఇంట్లో మాత్రం పెద్ద గొడవే అయింది. దశరథానికి రెండుసార్లు చెప్పినా అర్థం కాలేదు.

"ఆట ఆడితే జీతమిస్తరా? గట్ల ఎవడిస్తడు బిడ్డా?"

"ఆట కాదు బాపు, పని. ఒకటే జాగ మళ్ల మళ్ల ఆడాలె. తప్పులు దొరకవట్టాలె."

"మరి తప్పులు లేకుంట చేసుకోవచ్చు గదా వాళ్లే?"

ఎవరైనా అడిగితే లలితమ్మ "కంప్యూటర్ల పని" అని చెప్పి ఊరుకునేది. ఆడపిల్ల పొద్దంతా ఫోన్‌లో ఆటలాడుతుందంటే సూరత్‌లోనే ఉన్ అనే పేటలో ఉండే చుట్టాలు ఏమంటారోనని ఆమె భయం.

పనిలో చేరినవాళ్లలో చాలామంది రెండు నెలలు నిలవలేదు. అందరూ ఆటలంటే ఇష్టంతో వచ్చినవాళ్లే. ఆ ఇష్టమే ముందు చచ్చిపోయేది. ఒకే గుంట మీదుగా డెబ్భైసార్లు దూకాలి. ఒకే గోడకు ప్రతి అంగుళంలోనూ తల కొట్టి చూడాలి. నీరజ ఒక పాకెట్ బుక్ పెట్టుకుంది. ధ్యాస పక్కకు పోయిందని తెలియగానే అందులో ఒక చుక్క పెట్టి, ఆటలో అది ఏ చోటో రాసేది. ధ్యాస లేనప్పుడు తప్పు కళ్ల ముందే దాటిపోతుంది కాబట్టి, ఆ చోట్లు మరుసటి రోజు మళ్లీ ఆడాలని ఆమె ఉద్దేశం. ఆరు నెలలు గడిచాక ఆ చుక్కలన్నీ వరసగా చూసుకుంటే ఒక సంగతి బయటపడింది. పొద్దున ఆడినా, సాయంత్రం ఆడినా, ఒంట్లో బాగున్నా లేకపోయినా చుక్కలు అవే చోట్ల పడుతున్నాయి.

"అప్పటిదాంక నాదే తప్పనుకున్న సార్," అంది నాతో. "ఆ జాగల ఆటల ఏం లేదు. అందుకే నేను లేను."

ఆ ఏడు కంపెనీ ఒక పెద్ద ఆట మొదలుపెట్టింది. ఓడ మునిగి ఒక దీవిలో పడ్డ మనిషి పడవ కట్టుకుని బయటపడాలి. పడవకు కర్ర కావాలి. కర్ర కోసం మూడువందల చెట్లు కొట్టాలి. ఒక్కో చెట్టుకు మూడు గొడ్డలి దెబ్బలు, అంటే తెర మీద మూడుసార్లు వేలితో తట్టాలి. చెట్టు పడుతుంది, ఇంకో చెట్టు దగ్గరకు వెళ్లాలి. ఒకే పని మళ్లీ మళ్లీ చేసి బలమో సరుకో కూడబెట్టుకోవడాన్ని ఆటలాడేవాళ్లు గ్రైండింగ్ అంటారు. కావాలనే అలా పెట్టారు. విసిగినవాడు ఒక ప్రకటన చూస్తే పది కర్రలు ఊరికే వస్తాయి. కంపెనీకి బతుకుదెరువు ఆ ప్రకటనలే.

నీరజ తొమ్మిదిసార్లు ఆ దీవిలో ఆడింది. తొమ్మిదిసార్లూ ముప్పై ఎనిమిదో చెట్టుకు అటూ ఇటూ చుక్క పడింది. పుస్తకం పట్టుకుని ధవల్‌భాయ్ దగ్గరకు వెళ్లింది. వాళ్లిద్దరూ హిందీ, గుజరాతీ కలిపి మాట్లాడుకుంటారు.

"ముప్పై ఎనిమిదో చెట్టు దగ్గర ఆడేవాళ్లు ఫోన్ పక్కన పెట్టేస్తారు, ధవల్‌భాయ్."

"పెట్టరు, ప్రకటన చూస్తారు. విసుగు రావాలనే కదా అలా కట్టాం, నీరజాబెన్."

"కొంచెం విసిగినవాళ్లు చూస్తారు. బాగా విసిగినవాళ్లు వెళ్లిపోతారు."

"మీ పని బగ్‌లు పట్టుకోవడం. ఇదేమైనా బగ్గా?"

"బగ్గే."

"అయితే రిజిస్టర్‌లో రాయండి," అని ఆయన నవ్వేశాడు.

ఆయన నవ్వులాటకే అన్నాడు. నీరజ వెళ్లి నిజంగానే రాసింది. బగ్‌లన్నీ కంప్యూటర్‌లో ఒకే జాబితాలో ఉంటాయి, ఆఫీసంతా చూస్తుంది. నాలుగువందల పన్నెండో నంబరు మీద ఇలా ఎక్కించింది: "తప్పు: ఆడేవారికి విసుగు పుడుతోంది. ఎలా వస్తుంది: వరసగా ముప్పై ఎనిమిది చెట్లు కొట్టాలి. ఎన్నిసార్లు వస్తుంది: ప్రతిసారీ." ఆఫీసంతా పగలబడి నవ్వింది. ఒక ప్రోగ్రామర్ "ఇది బగ్ కాదు" అని రాసి దాన్ని మూసేశాడు. తర్వాతి వారం ఆట కొత్త రూపు వచ్చింది. నీరజ మళ్లీ చెట్లన్నీ కొట్టి, మళ్లీ ఆ బగ్‌ను తెరిచింది. వాళ్లు మూశారు. ఆమె తెరిచింది. ఇలా పదకొండుసార్లు. ప్రతిసారీ మూడువందల చెట్లూ కొట్టి, కొత్త చుక్కలు చూపించి మరీ తెరిచేది. ఊరికే తెరిస్తే మొండితనమంటారని ఆమెకు తెలుసు. నవ్విన వాళ్లకు నెమ్మదిగా నవ్వు తగ్గింది. ధవల్‌భాయ్‌కి మాత్రం కోపం పెరిగింది. పన్నెండోసారి తెరిస్తే వేరే ఉద్యోగం వెతుక్కోవాల్సి వస్తుందని మొహం మీదే అన్నాడు.

ఆ వారం సెలవు రోజున నీరజ ఆఫీసు ఫోన్ ఇంటికి తెచ్చింది. గల్లీలో ధాగా కటింగ్ చేసే ఆడవాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి ఆడమంది. రోజుకు ఎనిమిది గంటలు ఒకేలాంటి దారాలు కత్తిరించే వాళ్లు అంత తొందరగా విసిగిపోరు, వాళ్లే విసిగారంటే ఇంకెవరైనా విసుగుతారని ఆమె ఆలోచన. ముందు ఎల్లవ్వ వచ్చింది. అరవై దాటిన మనిషి. అంతకుముందు ఫోన్‌లో మాట్లాడటమే తప్ప ఆట ఆడింది లేదు. ముప్పై ఒక్క చెట్లు కొట్టి ఫోన్ ఒళ్లో పెట్టేసింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"గిది పనే గదనే. పనైతే చీర మడత పెడ్తం, ఇచ్చొస్తం. ఇండ్ల ఏమున్నది?"

"పడవైతది పెద్దమ్మా."

"నేనేడికి పోవాల్నే పడవల?"

ఇంకో అయిదుగురు ఆడారు. ఒకావిడ నలభై చెట్లు కొట్టింది, ఇంకొకావిడ ముప్పై ఆరు. ఎవరూ నలభై అయిదు దాటలేదు. నీరజ అన్నీ రాసుకుంది. సంతోషంగా పుస్తకం మూయబోతుంటే, మంచం మీద కూర్చున్న దశరథం చెయ్యి చాపాడు.

"నాకియ్యి. జర చూస్త."

ఆయన ఆడటం మొదలుపెట్టాడు. యాభై దాటాడు. వంద దాటాడు. లలితమ్మ చాయ్ పెట్టి ఇస్తే చల్లారిపోయింది. మధ్యాహ్నం అన్నానికి లేచి, తిని, మళ్లీ కూర్చున్నాడు. మూడువందల చెట్లూ కొట్టి ఫోన్ ఇచ్చేశాడు. నీరజ లెక్క సరిచూసింది. పదకొండుసార్లు తను చెప్పిన మాట తన కన్నతండ్రే అబద్ధం చేశాడు.

"బాపూ, నీకు ఇసుగు రాలే?" అని చెవి దగ్గర అరిచింది.

"ఎందుకస్తది? గమ్మతున్నది గదా."

"ఏముంది గమ్మతు? అన్ని చెట్లు ఒకటే తీరు కదా!"

"ఒకటే తీరేడున్నయ్?" అన్నాడాయన. "చెట్టు వడ్డప్పుడు ఫోన్ చేతిల ఒకసారి కొట్టుకుంటది. కొన్నిటికి రెండుసార్లు కొట్టుకుంటది. ఏ చెట్టుకస్తదో ముందుగాల చెప్పొచ్చా అని చూస్తున్న. కొమ్మ ఎడమకు వంగినదానికి అస్తది. గని అన్నిటికి రాదు."

నీరజ ఫోన్ తీసుకుని చూసింది. నిజమే. కొన్ని చెట్లు పడ్డప్పుడు ఫోన్ రెండుసార్లు వణుకుతోంది. అది ప్రోగ్రామర్ చేసిన పొరపాటు. ఆఫీసులో ఎవరికీ దొరకలేదు. బ్యాటరీ తినేస్తుందని, చేతులు తిమ్మిరెక్కుతాయని టెస్టర్లందరూ వణుకు ఆపేసి ఆడేవారు. నీరజ కూడా ఆపేసే ఆడింది. గల్లీ ఆడవాళ్లకు ఇచ్చినప్పుడూ ఆఫే. దశరథం చేతికి రాకముందు ఎల్లవ్వ మనవడు ఫోన్ తీసుకుని ఏదో నొక్కాడు, అప్పుడే అది ఆన్ అయినట్టుంది.

లూమ్ మీద దారం తెగితే దశరథానికి చప్పుడు వినబడదు. కాలి కింద నేల అదురు మారుతుంది, దాన్నిబట్టి ఏ లూమో చెబుతాడు. చెవులు పోయినా ఆయన ఉద్యోగం నిలిచింది అందువల్లే. అలాంటి మనిషి చేతికి ఫోన్ ఇస్తే, వందమంది చూడనిది పట్టుకున్నాడు.

"ఆ దినం నాకు సిగ్గయింది సార్," అని చెప్పింది నీరజ. "ఇరువైసార్లు ఆడిన, నాకంత తెలుసనుకున్న. మల్ల మల్ల చేసుడు తప్పు కాదు. చూసేటందుకు ఏం లేకపోవుడే తప్పు. బాపుకు చూసేటందుకు ఒకటి దొరికింది, మూడువందలు కొట్టిండు."

సోమవారం ఆమె ధవల్‌భాయ్ గదిలోకి రెండు సంగతులతో వెళ్లింది. వణుకు తప్పును కొత్త బగ్‌గా రాసింది, కాని దాన్ని బాగుచేయొద్దంది. అలా వణికే చెట్లను బోలు చెట్లు చేయమంది. కొమ్మను చూసి, రెండో దెబ్బకు చెయ్యి ఆపగలిగితే తొర్రలోంచి చిలకో, తేనెపట్టో బయటపడాలి. అన్నీ కొట్టేసేవాడికి కర్ర, ఆగి చూసేవాడికి ఇంకేదో. చెట్ల లెక్కేమో మూడువందల నుంచి నూట ఇరవైకి తగ్గించాలి.

"మీరు టెస్టరా, ఆట కట్టేవారా?" అన్నాడు ధవల్‌భాయ్ చిరాగ్గా.

"ఒక్కసారి మీరు ఆడండి ధవల్‌భాయ్. మూడువందలూ కొట్టండి. నేను ఇక్కడే కూర్చుంటాను. కొట్టగలిగితే ఇక ఆ బగ్ తెరవను."

ఆయన ఆ ఆటను కాగితాల మీద, లెక్కల మీద చూశాడేగాని మొదటి నుంచీ చివరిదాకా ఎన్నడూ ఆడలేదు. పట్టుదలతో మొదలుపెట్టాడు. ఇరవై, ముప్పై. నలభై మూడో చెట్టు దగ్గర ఆయన ఎడమ చెయ్యి తనంతట తనే బల్ల మీది రెండో ఫోన్ వైపు వెళ్లి, వచ్చిన మెసేజులు చూడసాగింది. నీరజ పుస్తకంలో ఒక చుక్క పెట్టింది. ఆ పెన్ను కదలడం ఆయన చూశాడు. రెండు ఫోన్లూ బల్ల మీద పెట్టేశాడు.

"నా ఆట నేనే ఆడలేకపోయాను," అన్నాడు చివరికి.

ఆయన తప్పు తెలిస్తే ఒప్పుకునే మనిషి, అది ఆయనలోని మంచితనం. అయితే మాట మీద నమ్మే మనిషి కాదు. ఆట మొదటిసారి కొద్దిమందికి విడుదల చేసినప్పుడు సగంమందికి పాత దీవి, సగంమందికి నీరజ చెప్పిన దీవి ఇచ్చాడు. రెండు వారాలు చూశారు. పాత దీవిలో వందకు ఏడుగురు పడవ కట్టారు. కొత్త దీవిలో ముప్పై మంది కట్టారు. కొత్త దీవివాళ్లు రోజుకు చూసే ప్రకటనలు తక్కువే, కాని మర్నాడు మళ్లీ వచ్చారు. పాతవాళ్లలో ఎక్కువమంది రాలేదు. నాలుగువందల పన్నెండో బగ్‌ను ధవల్‌భాయ్ స్వయంగా తెరిచి, "బగ్గే. సరిచేశాం" అని రాసి మూశాడు.

అన్ని చోట్లా నీరజ మాట చెల్లిందని చెప్పలేను. ఆ తర్వాత వచ్చిన ఇంకో ఆటలో అదే మూడువందల లెక్క మళ్లీ పెట్టారు, ఆమె వద్దన్నా వినలేదు. ఆట కట్టేవాళ్ల బల్ల దగ్గర ఆమెకు చోటిచ్చాక మొదటిసారి తను కట్టిన లెవెల్ కూడా దెబ్బతింది. మొదటి అయిదు నిమిషాల్లోనే ఆడేవాళ్లకు విసుగు వచ్చింది. ఆ బగ్‌ను ఎవరో రాస్తారని చూడకుండా తనే తన పేరు మీద రాసుకుంది. అది చూసి మిగతావాళ్లు తమ తప్పులు తాము రాసుకోవడం మొదలుపెట్టారని ధవల్‌భాయ్ చెప్పాడు.

దీవి ఆట అయిపోగానే తెర మీద దాన్ని తయారుచేసిన వాళ్ల పేర్లు వస్తాయి. అందులో "దశరథం, లింబాయత్" అని ఒక వరస ఉంది. నీరజ పట్టుబట్టి పెట్టించింది. దశరథం కార్ఖానాలో పక్క లూములవాళ్లకు చూపించాడట. వాళ్లు నమ్మలేదు, దశరథాలు బోలెడుమంది ఉంటారన్నారు. లలితమ్మ మాత్రం ఇప్పుడు చుట్టాలతో "మా బిడ్డ ఆటలు కడ్తది" అనే చెబుతోంది.

మొన్న ఆగస్టులో పని మీద ఆల్థాన్ వైపు వెళ్లి, ఆమెను చూద్దామని ఆఫీసుకు వెళ్లాను. ఇప్పుడు ఆమె కింద ఏడుగురు టెస్టర్లున్నారు. ఎవరూ ఒకే లెవెల్‌ను రెండు గంటలకు మించి ఆడకూడదని నియమం పెట్టించింది. రెండు గంటలు కాగానే ఫోన్లు మార్చుకోవాలి, లేచి కాసేపు నడవాలి. హారతి అనే కొత్తమ్మాయి, చేరి నెల కాలేదట, తనకు అస్సలు బోర్ కొట్టదని గర్వంగా చెప్పింది.

"గట్లనకు," అంది నీరజ నెమ్మదిగా. "బోర్ కొడ్తది. కొట్టినప్పుడు నీకు తెల్వాలె. గంతే."

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను చేస్తున్న పని మళ్లీ అందుకుంది. ఏదో వంతెన మీద ఒక బొమ్మ నడుస్తోంది. ఎన్నోసారి అని అడిగాను. తొంభై రెండోసారంది. తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. వంతెన అవతలి ఒడ్డు చేరేదాకా, చిన్నప్పటి పంతులు పక్కనే కూర్చుని ఉన్నా, నాతో ఇంకో మాట మాట్లాడలేదు. చేరాక ఏదో రాసుకుని, ఫోన్ బల్ల మీద పెట్టి లేచింది.

"ఇప్పుడు చెప్పుండ్రి సార్. అమ్మగారి మోకాళ్లు ఎట్లున్నయ్? నడుస్తున్నరా?"

మా ఆవిడ నడుస్తోందన్నాను. ఇద్దరం కిందికి దిగి చాయ్ తాగడానికి వెళ్లాం.